దర్వాజా పట్టి ఇచ్చిన మాట

మా ముత్తాత బోధన్ పక్కన పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత ఆ ఊళ్ల తగువులన్నీ తీర్చేవాడు. ఆయన తీర్పు మీద ఎవరూ కోర్టుకు పోలేదు. మా నాన్న కాలానికి భూమి చాలావరకు పోయింది. అయినా చెరుకు సీజన్లో ఫ్యాక్టరీ కాటా మీదికి మొదట ఎక్కేది మా బండే. నా కాలానికి మిగిలినవి గడిలో, అంటే మా పాత కోటలాంటి ఇంట్లో, మూడు గదులు, వాటి ముందు టేకు దర్వాజా.

ఆ దర్వాజాకు ఒక పద్ధతి ఉండేది. తగువు తీరాక మాట ఇచ్చేవాడు కుడిచేత్తో దాని చట్రం పట్టుకుని చెప్పాలి. అలా చెప్పిన మాట తప్పినవాడు లేడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. నేను అది వింటూ పెరిగాను.

ఇరవై ఏళ్లకు పైగా పిల్లల హక్కుల కోసం పనిచేశాను. నిజామాబాద్ కలెక్టరేట్ ముందు ఎండలో నిలబడ్డాను, మైకుల్లో మాట్లాడాను, కుర్చీ చూపించని ఆఫీసర్ల ముందు కూడా తల వంచకుండా అర్జీలు ఇచ్చాను. కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు మొదటిరోజే ఒక మాట చెప్పేదాన్ని: తండ్రి ఒప్పుకున్నాడని ఆగకండి. పిల్లను ముందు బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లండి. మిగతా మాటలు తర్వాత.

ఒక్కసారి నేనే అది చేయలేదు.

మా ఊరి పిల్లే. ఎనిమిదో తరగతి. ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్లింట్లోవాళ్లు మంజీర దాటి మహారాష్ట్రకు చెరుకు కోతకు పోతున్నారు. కూలీలను కుదిర్చే ముకద్దం ఒంటరి మనిషిని తీసుకోడు. మొగుడూ పెళ్లామూ కలిస్తేనే ఒక కొడవలి కింద లెక్క. అందుకని కోతల ముందు పెళ్లిళ్లు తోసుకొస్తాయి. ఈ పిల్లను అవతలి ఒడ్డున మేనమామ కొడుక్కి ఖాయం చేశారు. సంగతి తెలిసి బడి పంతులమ్మ నాకు ఫోన్ చేసింది.

నాతో పనిచేసే అమ్మాయి అప్పటికే కాగితాలు బయటికి తీసింది. "మేడం, ఇయ్యాల్నే కమిటీ ముంగట పెడ్దాం. బాలసదనంల ఉంచుతరు. కోతలు షురువైనంక ముకద్దం ఇంకో జంటను సూస్కుంటడు."

"అది మా ఊరు. నాకు వదిలెయ్," అన్నాను. ఆ అమ్మాయితో కలిసి గడికి వెళ్లి, పిల్ల తండ్రిని పిలిపించాను.

కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తలకు చుట్టిన తువ్వాల తీసి చేత్తో పట్టుకుని మెట్టు కిందే నిలబడ్డాడు.

"ఆర్నెల్లు మేమిద్దరం బయటనే ఉంటం దొరసాని. ఈడొచ్చిన పిల్లను ఇంట్ల ఒక్కదాన్ని ఎట్ల ఇడిసి పోవాలె?"

హాస్టల్లో సీటు నేను చూస్తానన్నాను. పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయనని చెప్పమన్నాను. "దర్వాజా పట్టి చెప్పు."

కొంచెంసేపు దర్వాజా వంక చూశాడు. మెట్టెక్కి చట్రం మీద చెయ్యి వేశాడు. "చెయ్య దొరసాని."

అప్పుడు ఆ పిల్ల ముందుకొచ్చింది. "అమ్మా, నన్ను ఈ కాగితాల మేడంతోని పంపుండ్రి. బాపు చెయ్యనన్నా మా మామ ఊకోడు."

"ఈ దర్వాజా పట్టి చెప్పిన మాట పోదు బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల నా వంక చూడలేదు. నా పక్కనున్న అమ్మాయి చేతిలోని కాగితాల వంక చూసింది. ఆ అమ్మాయి వాటిని సంచిలో పెట్టేసుకుంది. 

ఐదోరోజు పంతులమ్మ మళ్లీ ఫోన్ చేసింది. పిల్ల వాళ్లింటికి తాళం ఉంది.

ఈ ఒడ్డు పోలీసులూ ఆ ఒడ్డు పోలీసులూ ఒకరినొకరు కాగితాలు అడుగుతూ కూర్చునే సరికి కోతలు మొదలయ్యాయి. పిల్ల ఒక చెరుకు తోటలో దొరికింది. మెడలో నల్లపూసలు. కోసిన చెరుకును ఆకుతో మోపు కడుతోంది. నిజామాబాద్ బాలసదనానికి తెచ్చాం.

విచారణ రోజున కమిటీవాళ్లు నన్నే అడిగారు: ముందే తెలిసి కూడా మీరు రాతపూర్వకంగా ఏం ఇచ్చారు? ఏమీ లేదు. నేను లేచి, ఆ తండ్రిని అందరి ముందూ నిలదీశాను. "దర్వాజా పట్టి చెప్పినవు. ఎట్ల తప్పినవు?"

అతను మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"మా తాత సుత పట్టిండు దొరసాని. నీ కొడుకును పశుల కాడ జీతానికి ఉంచుమని మీ తాత అంటే, ఉంచుత అని గదే దర్వాజ పట్టి చెప్పిండు. మా బాపుకు అప్పుడు తొమ్మిదేండ్లు. మీరు పట్టుమంటరు, మేం పడ్తం. గది మాటనా?"

నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. నలుగురిలో మా తాత పేరెత్తాడని కోపం. బాల కార్మికుల మీద ఇరవై ఏళ్లు ప్రసంగాలు చేసినదాన్ని, మా పశువుల కొట్టంలో ఎవరు పనిచేశారని ఒక్కనాడూ అడగలేదు. ఆ సంగతి ఇంటికొచ్చాక తట్టింది. సిగ్గు అప్పుడు వచ్చింది, ఇప్పటిదాకా పోలేదు.

తర్వాతి వారం నోటు పుస్తకాలు తీసుకుని బాలసదనానికి వెళ్లాను. ఆ పిల్ల కుళాయి దగ్గర పళ్లెం కడుగుతోంది. బడికి పోతావా అని అడిగాను.

"నేను చెప్పిన గదా అమ్మా," అంది. పళ్లెం బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె మళ్లీ బడికి పోలేదు. ఇప్పుడు కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేది ఆ కాగితాల అమ్మాయే. మొదటి పాఠం చెప్పేటప్పుడు ఈ కథే ఉదాహరణగా చెబుతుందట. పొరపాటు ఎవరిదో మాత్రం చెప్పదట. ఆ మర్యాద నేను అడగలేదు.

విచారణ జరిగిన ఏడాదే, ఎండాకాలంలో గడి దర్వాజాను చట్రంతో సహా పాత కలప కొనేవాడికి అమ్మేశాను.