నలభై రెండు సంచులకు అక్షింతలు

ఆ రోజు డైరీ పేజీ తెరిస్తే ఇప్పటికీ పసుపు మరక కనిపిస్తుంది. పేజీ నిండా నా గుండ్రటి దస్తూరీలో పొంగిపోతున్న సంతోషం చూస్తే, వెనక్కి వెళ్లి ఆ మనిషి చేతులు రెండూ కట్టేసి రావాలనిపిస్తుంది. ఎక్కడో సముద్రం అవతలి రైతులకు వెళ్లాల్సిన విత్తనాన్ని దొంగలు ఎత్తుకుపోలేదు, వాన తడపలేదు, ఎలుకలు కొరకలేదు. నేను దీవించాను. అంతే. మిగతా ఘోరమంతా ఆ దీవెన ఫలితమే.

తొంభైల నాటి మాట. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక చిన్న విత్తనాల కంపెనీలో నేను గోదాము అధికారిని. చుట్టూ మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు. గాలి ఎటు తిరిగితే అటు వాసన మారేది. మధ్యలో మేం మిరప, వంగ, బెండ గింజలు శుభ్రం చేసి సంచులకెత్తేవాళ్లం. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి అక్కడే స్థిరపడ్డ నాకు పద్ధతంటే ప్రాణం. బల్ల మీద పెన్సిళ్లను పొడవు ప్రకారం పేర్చేవాణ్ణి. ఒకటి చెక్కితే వరస మొత్తం మళ్లీ సర్దేవాణ్ణి. నవ్వకండి, నవ్వాల్సింది ఇంకా ముందుంది.

ఆ ఏడు మా కంపెనీకి మొట్టమొదటి ఎగుమతి ఆర్డరు వచ్చింది. ఆఫ్రికాలోని ఒక చిన్న దేశంలో అరెకరం, ఎకరం సాగు చేసుకునే బీద రైతులకు కూరగాయల విత్తనం పంచే ఒక సంస్థ ఇచ్చిన ఆర్డరు అది. మా విత్తనం పండించింది పక్కనున్న కర్దనూర్ ఊరి రైతులు. వాళ్లలో సత్తెమ్మ ఒకతె. ఎకరంన్నర మిరప వేసి, తీరిక రోజుల్లో మా గోదాములో గింజలు బాగుచేసే ఇరవై మంది ఆడవాళ్లకు పెద్దగా ఉండేది. ఈ సరుకు సవ్యంగా చేరితే వచ్చే ఏడూ విత్తనం పంట వాళ్లకే ఇస్తామని మా మేనేజర్ రంగనాథం గారు మాటిచ్చారు. ఆ మాట మీద సత్తెమ్మ చేనులో బోరు కూడా వేయించుకుంది.

శుక్రవారం సాయంత్రం లారీ బొంబాయికి కదలాలి. ఓడ తప్పితే మళ్లీ నెలకు గాని లేదు. అప్పటికి అక్కడ వానలు పడి, విత్తే అదను దాటిపోతుంది.

బుధవారం పొద్దున రంగనాథం గారు పిలిచారు. "మొదటి సరుకు కదండీ. ఓ కొబ్బరికాయ కొట్టి, ఓ సంచి మీద నాలుగు అక్షింతలు వేయండి."

నాలుగు అన్నది ఆయన. నలభై రెండు సంచులన్న లెక్క నాది. ఒక్క సంచినే దీవిస్తే, తక్కిన నలభై ఒక్క సంచుల విత్తనం అందుకునే రైతులేం పాపం చేశారు? సంచికి గుప్పెడు. గుప్పెడు ఎంతో తెలియాలి కదా, తూచాను. ముప్పై గ్రాములు. ఇంటికెళ్లి మా ఆవిడతో కిలోన్నర బియ్యానికి పసుపు, నెయ్యి పట్టించమన్నాను.

"ఎవరి పెళ్లండీ?" అంది.

"విత్తనాలది," అన్నాను గంభీరంగా. ఆమె పసుపు డబ్బా మూత తీసింది. నాతో కాపురం చేసి చేసి ఆమెకు ఆ ఓర్పు వచ్చింది.

మర్నాడు ఎగుమతికి అనుమతిచ్చే తనిఖీ అధికారి వచ్చి నమూనాలు తీసుకుంటాడని సంచుల మూతులు కుట్టకుండా ఉంచాం. ఆ బుధవారం మధ్యాహ్నమే కొబ్బరికాయ కొట్టి, అక్షింతల పళ్లెం ఎత్తుకున్నాను. సత్తెమ్మ అడ్డమొచ్చింది.

"సార్, జెర ఆగుండ్రి. సంచుల మూతులు కట్టనే లేదు గద?"

"కడితే దీవెన లోపలికెలా దిగుతుంది సత్తెమ్మా?"

"దీవెన దిగుడేమో గని, బియ్యం దిగుతయ్ సార్!"

"నాకు తెలుసులే."

చూశారా, ఎంత తెలుసో! ఒకటో నంబరు సంచి నుంచి నలభై రెండు దాకా వరస తప్పకుండా, ఒక్కో గుప్పెడు, చేయి లోపలికి దించి మరీ చల్లాను. అంతా అయ్యాక, ఒక్క సంచితో సరిపెట్టుకునే బద్ధకస్తుల మీద జాలిపడుతూ ఇంటికెళ్లాను. ఆ రోజు నేనే బద్ధకస్తుణ్ణయి ఉంటే ఈ కథే లేదు.

గురువారం తనిఖీ అధికారి వచ్చాడు. నవ్వడం ఉద్యోగ నిబంధనలకు విరుద్ధమనుకునే కుర్ర అధికారి. మిరప సంచిలోంచి నమూనా తీసి తెల్ల కాగితం మీద పోశాడు.

"ఈ పొడుగు పసుపు గింజ ఏ పంటండీ? మీ జాబితాలో లేదు."

"అది పంట కాదండీ, దీవెన."

"దీవెనకు ధ్రువపత్రం ఉందా?"

"అక్షింతలండీ! వట్టి బియ్యం. మొలవవు కూడా."

"మొలవవని కాగితం ఉందా?" అని, రెండో సంచి చూశాడు. మూడోది చూశాడు. "ఎన్ని సంచుల్లో వేశారు?"

అబద్ధమాడదామన్నా నా డైరీలో అంతా రాసి ఉంది. "అన్నింట్లోనూ," అన్నాను.

కాగితం మీద ఎర్ర గీత గీశాడు. వేరే ధాన్యం ఒక్క గింజ కనిపించినా అనుమతి ఇవ్వనని, రేపు మధ్యాహ్నం మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

రంగనాథం గారు నావైపు తిరిగారు. "నాలుగు వేయమన్నాను కదండీ. సంచికి నాలుగు అనుకున్నారా?"

"లేదండీ. సంచికి గుప్పెడు."

ఆయన మెల్లగా కుర్చీలో కూలబడ్డారు.

బెండ గింజ పెద్దది, జల్లెడ పడితే బియ్యం కిందికి జారాయి. వంగ, మిరప మాత్రం మొండికేశాయి. జల్లెడలో బియ్యం ఎక్కడుంటే గింజా అక్కడే. అందులోనూ మిరప గింజ రంగు పసుపు, నా అక్షింతల రంగూ పసుపే. చేత్తో ఏరడం తప్ప దారి లేదు.

సత్తెమ్మ కొంగు బిగించింది. "సార్, మీరు దీవిస్తేనే గిట్లుంటే, శాపం పెడితే ఎట్లుంటుండెనో!" అని, ఆడవాళ్ల వైపు తిరిగింది. "ఏ, కూసోండ్రే! నా బోరుల నీళ్లు సార్ బియ్యం పాలు గానియ్య. జల్దీ చేటలు దీయుండ్రి!"

మిరప గింజల దుమ్ము తెలుసు కదా. పది నిమిషాల్లో గోదాము మొత్తం తుమ్మడం మొదలుపెట్టింది. ఒకరు తుమ్మితే వాళ్ల చేటలోని గింజలు లేచి పక్క చేటలో వాలేవి. నేనూ చేట పట్టుకుని కూర్చున్నాను. నా తుమ్ముకు, అప్పుడే ఏరి పెట్టిన బియ్యం కుప్ప మళ్లీ మిరపల్లో కలిసింది.

"సార్‌ను అవుతల కూసోబెట్టుండ్రే!" అని కేక పడింది. నన్ను నా గోదాములోంచే గెంటేశారు. కిటికీ దగ్గర స్టూలు మీద, బడిలో గోడకుర్చీ వేయించిన పిల్లాడిలా కూర్చున్నాను. రంగనాథం గారికి మాత్రం చేట ఇచ్చారు. ఆయన నావైపు చూడకుండా కన్నీళ్లు కారుస్తూ ఏరారు. అవి మిరప కన్నీళ్లేనా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

శుక్రవారం పదకొండింటికి ఏరడం పూర్తయింది. నా పద్ధతి ఊరుకుంటుందా? ఏరిన బియ్యమంతా తూచాను. "పావు కిలో తక్కువొచ్చింది! ఇంకా సంచుల్లో ఉన్నాయి!" అని అరిచాను. ఇరవై జతల ఎర్రటి కళ్లు నన్ను చూశాయి.

సత్తెమ్మ లేచి నడుం పట్టుకుంది. "సంచులైనంక మా ఇరవై మంది నెత్తుల మీద ఏసింది మరిచిండ్రా సార్? మేనేజర్ సార్ గదిలకు వోయి ఆయన నెత్తి మీద? గవి ఎవరి లెక్కల రాస్తరు?"

నిజమే. వరసగా అందరినీ దీవించాను. లెక్క సరిపోయింది. ఆమె చేట దభీమని కింద పెట్టింది.

మధ్యాహ్నం తనిఖీ అధికారి వచ్చాడు. పదిహేను సంచులు కెలికాడు. సత్తెమ్మ గోడకు చేరబడి, కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. అధికారి ఓ గింజ తీసి వెలుతురుకు పెట్టాడు. "మిరపే," అని, గట్టిగా తుమ్మి, సంతకం చేశాడు. సాయంత్రానికి లారీ కదిలింది.

రెండోసారి ఎందుకు శుభ్రం చేశారో అవతలి సంస్థకు చెప్పాల్సి వచ్చి, రంగనాథం గారు జరిగిందంతా ఉత్తరంలో రాశారు. కొన్ని నెలలకు జవాబొచ్చింది. ఆయన గోదాములో అందరినీ నిలబెట్టి చదివి, తెలుగులో చెప్పారు.

"విత్తనం వానలకు ముందే చేరింది. మొలక బాగుంది, మిరప విరగకాసింది. విత్తనాన్ని దీవించి పంపారని చెబితే మా రైతులు ఎంతో సంతోషించారు. వచ్చే ఏడాదికి రెట్టింపు పంపండి. తప్పక దీవించి పంపండి. అయితే, దయచేసి వట్టి చేతులతో దీవించండి."

సత్తెమ్మ చప్పట్లు కొట్టింది. ఆమె చేనుకు రెండో ఏడూ విత్తనం పంట ఖాయమైంది.

ఆ రెండో ఏడు ఎనభై నాలుగు సంచుల ముందు నన్ను నిలబెట్టారు. సత్తెమ్మ ముందుకొచ్చింది. "సార్, చేతులు జూపియ్యుండ్రి. గట్ల గాదు, ఏళ్ల సందులు గూడ." చూపించాను. అంగీ జేబులు కూడా తడిమింది. "ఇగ కానియ్యుండ్రి," అంది. ఖాళీ చేతులెత్తి, ఒకటి నుంచి ఎనభై నాలుగు దాకా, వరస తప్పకుండా దీవించాను.

ఆ సాయంత్రమే డైరీలో ఎర్ర సిరాతో ప్రతిజ్ఞ రాసి, కింద తేదీ వేసి సంతకం చేశాను: "మూతి కుట్టని సంచిని గాని, మూత పెట్టని డబ్బాను గాని ఈ జన్మలో దీవించను. మనుషుల్ని దీవిస్తాను. అదీ, వాళ్లు నోరు గట్టిగా మూసుకున్నాక."