నిలబడి తిన్న ముద్ద

నిన్న రాయచోటి నుంచి వచ్చిన ఒకాయన కువైట్‌లోని సబ్హాన్‌లో మా గదికి రాగిపిండి సంచి తెచ్చిచ్చాడు. మూతి విప్పగానే వచ్చే ఆ వాసనకు ఎవరికైనా ఇల్లు గుర్తుకొస్తుంది. నాకు మా బావ గుర్తుకొచ్చాడు, ఆయన నన్నన్న మాటలు వరుసగా గుర్తుకొచ్చాయి. నాకు ఉపకారాలు కూడా గుర్తుంటాయి గానీ, వాటికోసం కాస్త ఆలోచించాలి.

మా ఇంట్లో సంగటి వండిన రోజు మగవాళ్ళు మొదటి ముద్ద నిలబడి తింటారు. ఆ తర్వాతే కూర్చుంటారు. దీనికి మా జేజి, అంటే నాయనమ్మ, చెప్పిన కారణం పాలెగాళ్ళ కాలం నాటిది. మా వైపు పాలెగాడొకడు కుంపిణీ దొరల మీద తిరగబడి, తన మనుషులతో కొండెక్కాడు. కుంపిణీ సిపాయిలు ఊళ్ళ నుంచి పైకి తిండి పోకుండా దారులు కట్టేశారు. ఎట్లాగో ఒకరోజు సంగటి కొండకు చేరింది. అందరూ తినడానికి కూర్చుంటే, మా పెద్దలు మాత్రం రెండు కొండల నడుమ ఉన్న కనుమ దారిలో కాపలా నిలబడ్డారు. వాళ్ళ వంతు ముద్ద చేతికి అందకముందే సిపాయిలు వేరే దారిన వచ్చి పడ్డారు. అంతటితో ఆ పోరు ముగిసింది. దానికి మా బడి పుస్తకం ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు. అయ్యవారిని అడిగితే, పరీక్షలో రాదు కూర్చోమన్నాడు. అదీ నేను మరిచిపోలేదు.

మా బావదీ మా ఊరే. ఆయన పెద్దలు ఆరోజు కూర్చుని తింటున్నవాళ్ళు. వాళ్ళింట్లో ఇదే కథ ఇంకోలా చెబుతారు. కనుమ దగ్గర కాపలావాళ్ళు పారిపోయారట, అందుకే సిపాయిలు పైకి రాగలిగారట. నేను కువైట్‌కు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఈ గదిలోనే, నేను ముద్ద పట్టుకుని నిలబడి ఉంటే శుక్రవారాలు మా గదికి వచ్చే బావ అందరూ వినేలా అన్నాడు: "నిలబడి తినేది దేనికో తెల్సునా? ఉరికేదానికి అనువుగా ఉంటాదని." గదంతా నవ్వింది. తెలుగు ముక్క రాని బంగ్లాదేశ్ అతను కూడా నవ్వాడు. అతని మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపముంది. ఆ తర్వాత నేను బస్సు కోసం కాస్త వడిగా నడిస్తే చాలు, "యల్లా, పదండి, కనుమోడు బయల్దేరినాడు" అనేవాడు. నేను ఆయన గడప తొక్కడం మానేశాను. పిలిచినా పోలేదు. మానం పోయింది నాదొక్కడిదే అయితే ఊరుకునేవాడినేమో. కొండ మీద ఆకలితో నిలబడ్డవాళ్ళది కూడా పోయింది.

కొన్నేళ్ళకు బావ భార్య కూడా కువైట్ వచ్చింది. ఫింటాస్‌లో బావ డ్రైవరుగా ఉన్న ఇంట్లోనే ఆమెకూ పని దొరికింది. నాకు చెల్లెలి వరస. ఫోన్ చేసి, సంగటి చేస్తున్నాను రా అన్నా అంటే కాదనలేకపోయాను. పోయాను గానీ, బావతో మాట్లాడకూడదని దారిలోనే అనుకున్నాను. ఆమె సంగటి కెలికి ముద్దలు చేసింది. మొదటి ముద్దను గిన్నెలో పెట్టి, మూతేసి, పక్కకు జరిపింది. నాకు తక్కువ చేస్తున్నారన్న అనుమానం వెంటనే వచ్చింది. ఆ ముద్ద ఎవరికని అడిగాను.

"మా అత్త ఎత్తిపెట్టమని చెప్పిందన్నా. కనుమ కాడ కాపలా ఉండేవాళ్ళదంట. వాళ్ళు దిగొచ్చి తినాలంట, మనం ముట్టగూడదంట. తెల్లారితే గోడమింద తిరిగే పిల్లికి పెడతా."

నేను బావ వైపు తిరిగాను. "పారిపోయినోళ్ళకు ఎవురన్నా ముద్ద ఎత్తిపెడతారా బావా?"

బావ సంగటిలోకి నూరిన ఊరిబిండి ఇంకొంచెం వడ్డించుకున్నాడు. పుట్టినప్పటి నుంచి ఆ సంగటే తిన్నాడు గానీ, వంటింట్లో మూతేసిన గిన్నెను ఎప్పుడూ చూసినట్టు లేదు. ఆడోళ్ళ సంగతులు నాకేం తెలుసని గొణిగాడు. కాసేపటికి లేచి, ఆ గిన్నె తనే తెచ్చి, మూత తీసి నా ముందుకు చాపాడు. ఆయన ఎదుట నిలబడితే మళ్ళీ ఆ మాటే వస్తుందని నేను చాప మీద కూర్చోబోయాను.

"కూర్చోవాకబ్బీ," అన్నాడు. "నిలబడే తిను."

తిన్నాను. తప్పైందని బావ నోరు తెరిచి ఒక మాట అనాలి కదా, ఈరోజుకీ అనలేదు. ఆ ఫిర్యాదు అలాగే ఉంది. అయినా సంగటి వండిన శుక్రవారమల్లా ఫింటాస్ పోతున్నాను. గిన్నెలో ముద్ద నాదే. గోడ మీది పిల్లి నన్ను చూసే చూపు నాకు బాగా తెలుసు, అదీ మనసులో పెట్టుకునే రకమే. ముద్ద చల్లారిపోయిందని పోయినప్పుడల్లా బావకు చెబుతూనే ఉన్నాను. ఆ కొండ మీద ఎత్తిపెట్టింది, ఇన్ని తరాలు దాటి ఇప్పటికి మా చేతికొచ్చింది, చల్లారక ఏం చేస్తుంది.