నూరు ఖాళీ బీడీలు

ఆరేళ్ల కిందట, శ్రావణంలో ఒక మంగళవారం పొద్దున ఏడూ పదికి నా పతనం మొదలైంది. బీడీల కార్ఖానాలో నలభై మంది ఆడవాళ్ల ముందు అది పూర్తయింది. అప్పటికి నాకు అరవై రెండేళ్లే. చిన్నతనం, తెలివి తక్కువ.

ఏడూ పదికి మా చెల్లె అనసూయ బోధన్ బస్సు దిగి నిజామాబాద్‌లో నా ఇంటికి వచ్చింది. మూడు నెలలుగా ఆమెకు డిప్రెషన్. తల దువ్వుకోదు, సరిగ్గా పలకదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. డాక్టరు నాకు రెండు మాటలు చెప్పాడు. "గోలీలు తప్పకుండ వెయ్యండమ్మా, పక్కన ఉండండి, తొందరపెట్టకండి. మీరు గూడ టైంకు తినండి, పండుకోండి." మొదటిది నోటుబుక్కులో రాసుకున్నాను. రెండోది డాక్టర్ల మర్యాద అనుకొని వదిలేశాను.

నేను నలభై ఏళ్లు బీడీలు చుట్టినదాన్ని. ఇరవై ఐదుకు ఒక కట్ట. లెక్క తప్పితే సరిచూసే మున్షీ ఊరుకోడు. అదే పద్ధతి చెల్లె మీద పెట్టాను. ఒళ్లో బీడీల చాట, కళ్లు చెల్లె మీద, పక్కన నోటుబుక్కు.

"ఏందక్కా, గట్ల సూస్తున్నవ్?"

"నిట్టూర్పులు లెక్కవెడుతున్న. ఇది పదకొండోది."

"నేను ఊపిరి తీస్తున్ననే!"

"జర మెల్లగ తియ్యి. లెక్క కలుస్తలేదు."

ఆమె తినందే నేను తినను. ఆమె పడుకున్నా నేను పడుకోను. నా బీపీ గోలీల డబ్బా మీద ఆమె గోలీల డబ్బా పెట్టాను, ఇక కింది డబ్బా కంటపడితే ఒట్టు! తాను దూర సందు లేదు, మెడకో డోలు అంటారు. నేను డోలుతోపాటు దాని దెబ్బల లెక్క కూడా మోశాను.

తొమ్మిదో రోజు, బుధవారం, చెల్లెను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక కార్ఖానాకు వెంట తీసుకుపోయాను. మున్షీ నా కట్ట విప్పి ఒక బీడీ నొక్కాడు. చల్లారిన పూరీలా అణిగిపోయింది.

"అవ్వా, ఇందుల తంబాకేది?"

"మంచిగ సూడు బిడ్డా, నలభయ్యేండ్ల చెయ్యిది."

"చెయ్యి మంచిగనే సుట్టింది. ఏం సుట్టిందని అడుగుతున్న!"

నాలుగు కట్టలు, నూరు బీడీలు. పైన ఆకు, దారం. లోపల పొగాకు లేదు, వట్టి గాలి. పరువు కాపాడుకుందామని లేచి నిలబడ్డాను. కళ్లు తిరిగి తంబాకు బస్తా మీదే కూలబడ్డాను.

"దొరికింది, తంబాకు అవ్వ కిందున్నది!" అని ఎవరో అరిచారు.

అప్పుడు వినిపించింది, మూడు నెలల తర్వాత చెల్లె నవ్వు. నవ్వుతూనే వచ్చి నా తల ఒళ్లో పెట్టుకుంది.

"పొద్దుగాల రొట్టె తిన్నవా?"

"రెండు తిన్నవ్. రాసిపెట్టిన."

"నేను గాదక్కా, నువ్వు!"

నోటుబుక్కంతా తిరగేసింది. ఎక్కడా నా పేరు లేదు.

ఆ నవ్వుతో జబ్బు పోలేదు. గోలీలు ఇంకో ఏడాది నడిచాయి. కానీ ఆ సాయంత్రం తనంతట తానే పొయ్యి వెలిగించింది. "తిను. నువ్వు గూడ పడితే నేనెవలి మీద అలగాలె?" అంది. నేను తిన్నాక నోటుబుక్కు లాక్కొని రాసింది: "అక్క, రొట్టెలు రెండు. మూతి ముడుపు ఒకటి."

చాట మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక కడుపులో రొట్టె లేకుండా ఎవరికీ సేవ చేయను. ఎవరి ఊపిరీ లెక్కపెట్టను.

పోయినవి: బీడీలు నూరు. నేను మింగని గోలీలు తొమ్మిది. తినని పూటలు పద్నాలుగు. నలభై ఏళ్ల పేరు ఒకటి. నిట్టూర్పుల లెక్కలో మాత్రం రెండు తేడా ఉంది, ఇప్పటికీ కలవలేదు.