మూడో కేక మింగిన హుస్సేన్ పీరా

మా మునసబు కోర్టులో పేర్లు పిలిచే బంట్రోతు హుస్సేన్ పీరా. గుమ్మంలో నిలబడి కక్షిదారు పేరు మూడుసార్లు పిలవాలి. పలక్కపోతే, "మూడుసార్లు పిలిచినాను, హాజరు లేరు" అని పుస్తకంలో సంతకం పెట్టాలి. దాన్ని బట్టి అవతలివాళ్లకు ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేస్తారు. 1956లో కోర్టు బావి ఎండిపోయింది మొదలు పీరా గొంతు తడి లేక రెండుసార్లే పిలిచి, మూడోది మింగేసి, సంతకం మాత్రం పెట్టేసేవాడు. వకీళ్లందరికీ తెలుసు. వకీలుగా నాకూ తెలుసు. పని తొందరగా తెములుతోందని సంతోషించాం కూడా, మా మొహాలు మండ!

మరుసటి వేసవిలో చిలమత్తూరు వైపు నుంచి మారెక్క అనే వితంతువు వచ్చింది. ఆమెకున్న ఒక్క చేనూ తనదేనని మరిది దావా వేశాడు. ఆమెకు వకీలు లేడు. పీరా రెండుసార్లు పిలిచాడు. గుమ్మానికి పది అడుగుల్లోనే కూర్చుని కూడా ఆమె పలకలేదు. చేను మరిదికి పోయింది.

మర్నాటి నుంచి ఆమె సత్రంలో ఉంటూ రోజూ కోర్టుకు రావడం మొదలుపెట్టింది. నీడ వదిలేసి, ఎండలో మెట్లకెదురుగా కూర్చుని పీరా నోటి వంకే చూసేది. పలకరిస్తే మాట్లాడేది కాదు. నీళ్లిస్తే తాగేది కాదు. 

ఇరవై రోజులకు పీరా నా దగ్గరికొచ్చాడు.

"సార్, రెండోతూరి పిలుస్తానే నా చెవి పక్కన ఎవరో 'రెండు' అని లెక్క పెడతాండారు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆయమ్మ మాత్రం ఆడనే కూర్చోనుంటాది."

ఇద్దరం వెళ్లి అడిగితే మారెక్క మొదటిసారి నోరు విప్పింది.

"రెండు తూర్లు గాలి గూడా పిలుస్తాదప్పా. పలికితే పానం పట్టుకపోతాది. మనిషైతే మూడోతూరి పిలుస్తాడు. ఈయప్ప ఇంగా పిలవల్యా. కాసుకోని ఉండా."

పీరా నా వైపు తిరిగాడు. "మా ఇంట్లో గూడా అంతే సార్. నా పెండ్లాం దాదాబీ మూడోదానికి గానీ పలకదు. నాకు తెలుసు గదా సార్!"

డిక్రీ రద్దు కోరడానికి ముప్పై రోజులే గడువు. ఇంకా పది రోజులున్నాయి. కానీ పుస్తకంలో సంతకం ఉండగా ఆమె మాట ఎవరు నమ్ముతారు? ఆ సంతకం అబద్ధమని పీరా బోనెక్కి చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుంది. అర్జీ రాశానే గాని అతని మొహం చూడలేకపోయాను. అతనే అన్నాడు, "ఎక్కుతా సార్."

ఎక్కాడు, చెప్పాడు.

"ఈమెనొక్కదాన్నేనా అట్లా పిలిచింది?" అని ఎదుటి వకీలు గద్దించాడు.

"లేదు సార్. శానా మందిని."

డిక్రీ రద్దయింది. మారెక్క కేసు మళ్లీ విచారణకొచ్చింది. పీరా కొలువు ఆ సాయంత్రమే పోయింది.

పీరా అన్న ఆ మాట ఊళ్లకు పాకింది. సోమవారం నేను వెళ్లేసరికి కోర్టు ఆవరణ నిండా జనం. గోరంట్ల నుంచి, మడకశిర నుంచి వచ్చి, ఎండలో గుమ్మం వైపు తిరిగి కూర్చున్నారు.  కొత్త బంట్రోతు జడుసుకుని బయటికే రాలేదు.

భుజాన బంట్రోతు డవాలు పట్టీ లేకుండా, మామూలు బట్టల్లో పీరా వచ్చాడు. ప్రతి పేరూ అతనికి గుర్తే. ఒక్కొక్కరినీ ఒక్కసారి పిలిచాడు. పిలిచినవాళ్లు పిలిచినట్టే "ఉండానప్పా" అంటూ లేచారు.

కుళ్ళాయప్ప అనే ముసలాయన ముందుకొచ్చి, "ఇంగ మా చేను మాకొస్తాది గదప్పా?" అన్నాడు.

ఆయన మీద డిక్రీ అయి ఏడాది దాటింది, ముప్పై రోజుల గడువు ఎప్పుడో పోయింది. అవతలివాళ్ల తరఫున ఆ డిక్రీ తెచ్చిన వకీలును నేనే. పీరా జవాబు కోసం నా వైపు చూశాడు.