అమ్మ నూరని ఊరుబిండి

నా చిన్నప్పుడు హిందూపురంలో మా ఇంట్లో తినేవాళ్ళం నలుగురం: అవ్వ, నాయన, అన్న, నేను. వండేది అమ్మ. అమ్మ కూడా తింటుందన్న సంగతి మాకెవరికీ పెద్దగా తోచేది కాదు. మేం తిని లేచాక పళ్ళేలు ఎత్తుకుని ఆమె వంటింట్లోకి పోయేది. ఆ తర్వాత ఏం తినేదో, ఎంత తినేదో మాకు పట్టేది కాదు.

అమ్మ పట్టుగూళ్ళ నుంచి దారం తీసే షెడ్డులో పని చేసేది. మా వీధి చివరే ఆ షెడ్డు. తెల్లవారకముందే పోయి, మధ్యాహ్నం దాటాక వచ్చేది. మరిగే నీళ్ళ తొట్టిలో గూళ్ళు ఉడుకుతుంటాయి. ఆ నీళ్ళలోనే వేళ్ళు పెట్టి పోగు కొస పట్టుకుని చక్రానికి అందించాలి. అక్కడ ఏం చేస్తారో మాకు తెలియక కాదు. అమ్మ చీర నుంచి ఉడికిన పురుగుల వాసన వచ్చేది. ఆ వాసన పడకనే నేను ఆమె పక్కన కాకుండా అవ్వ పక్కన పడుకునేదాన్ని.

ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని పొయ్యి ముట్టించేది. ఒక కుండలో రాగిసంగటి, ఇంకో కుండలో కందిపప్పు. పప్పులో ఉప్పు, పసుపు, కాస్త చింతపండు. ఏదైనా ఆకుకూర దొరికితే తుంచి అందులోనే పడేసేది. తాలింపు పెడితే పెట్టినట్టు, లేకుంటే లేదు. నూరేది, రుబ్బేది, వేయించేది ఏదీ ఆమె పెట్టుకునేది కాదు. వారంలో ఆరు రోజులు అదే తిండి, ఆదివారం మాత్రం అన్నమూ చారూ.

మా అవ్వ ఒకప్పుడు మంచి వంటమనిషి. చుట్టాల ఇళ్ళల్లో పెండ్లి అంటే ఆమెను పిలుచుకుపోయేవారట. మోకాళ్ళు పట్టేసి పొయ్యి దగ్గర కూర్చోలేకపోయాక ఆమెకు మిగిలింది నోరొక్కటే. పళ్ళెం ముందుకు రాగానే మొదలుపెట్టేది.

“చెనిక్కాయలు ఉండాయి, మిరక్కాయలు ఉండాయి, రోలు వాకిట్లోనే ఉండాది. ఇంత ఊరుబిండి నూరేకి ఏమి రోగమో దీనికి.”

చెనిక్కాయలంటే వేరుశనగలు. వాటిని వేయించి, ఎండుమిరపకాయలు కలిపి రోట్లో నూరే ఆ పచ్చడి లేకుండా మా వైపు సంగటి దిగదు. నాయన చెనిక్కాయల మిల్లులో మూటలు మోసి వచ్చేవాడు. పళ్ళెంలోకి చూసి, “మళ్ళా ఇదేనా” అని మాత్రం అనేవాడు. అన్న ఆ మాత్రం కూడా అనకుండా సగం తిని లేచిపోయేవాడు. అమ్మ ఎవరికీ ఎదురు చెప్పేది కాదు. “రేపు చూస్తాలే” అనేది. ఆ రేపు వచ్చేది కాదు. ఆమె బద్ధకస్తురాలని మేమందరం నమ్మాం. తొమ్మిదేండ్ల పిల్లను, నేనూ నమ్మాను.

ఆ ఏడాది వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం అందరం వాకిట్లో కూర్చుని తింటున్నాం. నాకేం బుద్ధి పుట్టిందో, నా పళ్ళెం తీసుకుపోయి వీధికుక్క ముందు పెట్టాను. కుక్క మూతి ముందుకు చాపి వాసన చూసింది. ఒకసారి నాకేసి చూసి, పక్కకు తిరిగి పోయి పడుకుంది. “చూడవ్వా, కుక్క గూడా తినలే” అన్నాను. అవ్వ పకపకా నవ్వింది. అన్న నవ్వాడు. ఎప్పుడూ నవ్వని మా నాయన కూడా నవ్వాడు. ఇంట్లో అందరినీ నవ్వించగలిగానని నేను ఎంత గర్వపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. కుక్క ముందున్న పళ్ళెం తీసింది. సంగటి కుడితి తొట్లో వేసి, పళ్ళెం తోమి, బోర్లించి లోపలికి పోయింది.

ఇదంతా గోడ అవతలి నుంచి, మేం ఆపా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ చూసింది. మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే ఉండేది. ఆపా కూడా అదే షెడ్డులో, అమ్మ పక్క తొట్టి దగ్గర కూర్చునేది. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి. మరుసటి రోజు శుక్రవారం, షెడ్డుకు సెలవు. అమ్మ బట్టల మూట ఎత్తుకుని బావి దగ్గరికి పోయాక ఆపా నన్ను పిలిచింది.

“రా పాపా, మాయత్తకు తోడుగా రెండు చెనిక్కాయలు వలుద్దువు. బెల్లం పెడ్తా.”

పరిగిలో వాళ్ళ చుట్టాలకు విత్తనాలు కావాలి. విత్తనం కాయలు గింజ చెదరకుండా చేత్తోనే వలవాలి. నేను సంబరంగా కూర్చున్నాను. మొదటి గంట ఆటగానే ఉంది. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి బొటనవేలు, చూపుడువేలు మంటపెట్టడం మొదలైంది. చాలంటే ఆపా నవ్వుతూ ఇంకో చేటెడు పోసింది. మధ్యాహ్నానికి నా వేళ్ళ కొసలు ఎర్రగా కమిలి, గోళ్ళ పక్కన తోలు లేచి, ఒకచోట నెత్తురు చెమర్చింది. అప్పుడు ఆపా వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు, ఉప్పు, చింతపండు తెచ్చి రోట్లో వేసింది.

“మీ ఇంట్లో ఉడకేసిన పప్పేనని బాధపడ్తాంటివి గదా. ఈ పొద్దు నువ్వే ఊరుబిండి నూరి తీస్కపో.”

నేను నూరాను. పొత్రం తిప్పేటప్పుడు ఏమీ కాలేదు. రోట్లోంచి పచ్చడి చేత్తో తీయబోయాను చూడండి, కారం ఆ పగుళ్ళలోకి దిగింది. ప్రాణం పోయినట్టయింది. చెయ్యి విదిలించుకుంటూ ఏడ్చాను. ఆపా తొందరపడలేదు. చల్లని మజ్జిగలో నా చెయ్యి ముంచి పెట్టింది. తర్వాత తన రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళు నానిన గుడ్డల్లా తెల్లగా ఉబ్బి ఉన్నాయి. కొసల్లో తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. మడతల్లో సన్నటి ఎర్రగీతలు.

“ఇవి మీయమ్మ చేతులంత పాడు కాలే. నాకు మాయత్త నూరి పెడ్తాది. మీయమ్మకు ఎవరుండారు?”

నేను ఏడుపు మానేశాను.

“ఆమె వేళ్ళతో తినదు, ఎప్పుడన్నా చూసినావా? చెంచాతో మజ్జిగ సంగటి తాగుతాది. కోడలు చెంచాతో తినేది మీ అవ్వ యాడ చూస్తాదోనని మీరు తిన్నాక తింటాది.”

“మరి మాకెందుకు చెప్పలే?” అని అడిగాను.

“యావరడిగినారు?” అంది ఆపా.

ఆ పచ్చడి గిన్నె పట్టుకుని ఇంటికి వచ్చాను. నేను నూరానని, ఎందుకు నూరానని అందరి ముందూ చెప్పాలని దారిపొడవునా అనుకున్నాను. దారి అంటే ఎంత, గోడ చుట్టూ తిరిగి రావడమే. అమ్మ ఇంకా బావి దగ్గరి నుంచి రాలేదు. గిన్నె వంటింట్లో పెట్టాను. సాయంత్రం సంగటితో పాటు అమ్మ ఆ గిన్నె కూడా తెచ్చి మధ్యలో పెట్టింది. ఆపా పంపిందనుకుని ఉంటుంది.

అన్న రెండోసారి సంగటి అడిగాడు. నాయన వేలితో గిన్నె అంచు తుడిచి నాకాడు. అవ్వ ఒక ముద్ద మింగి, తీరిగ్గా అంది.

“చూసినావేమప్పా, చేతగాక కాదు దీనికి. ఇన్నాళ్ళూ ఒళ్ళు వంగక చేయలే. మనల్ని ఉడకేసిన కూడు తినిపిచ్చె.”

నాయన అమ్మ వైపు చూసి, “రేపు గూడా ఇట్లే చెయ్యి” అన్నాడు.

చెప్పాలి. నేను నూరానని చెబితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే నిన్నటి కుక్క దగ్గరి నుంచి మొదలుపెట్టాలి. నాకు అంత ధైర్యం లేకపోయింది. తలెత్తి చూస్తే అమ్మ నా చేతివేళ్ళకేసి చూస్తోంది. ఆమెకు అంతా అర్థమైపోయిందని నాకు అర్థమైంది. ఆమె కూడా నా పేరు చెప్పలేదు. “సరే” అంది.

గిన్నెలు కడిగాక నన్ను పెరట్లోకి పిలిచి, వేళ్ళకు ఆముదం రాసింది. అప్పుడు చూశాను ఆమె చేతులు. పుట్టినప్పటి నుంచి నాకు తల దువ్వుతున్న చేతులు, అంతవరకు చూడలేదు. “ఇంగ నూరొద్దు పాపా” అంది. నేను తల ఊపాను. క్షమించమనే మాట మా ఇళ్ళల్లో వాడుకలో లేదు.

మరుసటి రోజు షెడ్డు నుంచి వచ్చి, నాయన చెప్పినట్టే ఊరుబిండి నూరడానికి కూర్చుంది. నేను వీధిలో ఆడుకుంటున్నాను. రోలు చప్పుడు విని లోపలికి పరుగెత్తాను. పచ్చడి గరిటెతో తీయబోతోంది. రోటి అడుగున అంటుకున్నది గరిటెకు రాదు, చెయ్యి పెట్టాల్సిందే. పెదవి కొరికిపట్టి చెయ్యి పెట్టింది. నేను పోయి ఆమెను పక్కకు తోశాను. నిజంగానే తోశాను, కోపంగా. “నేను తీస్తా పో” అన్నాను. ఆ రోజు నుంచి పెండ్లయి ధర్మవరం పోయేదాకా మా ఇంట్లో రోలు నాది. అవ్వ మాత్రం చనిపోయేదాకా, ఈ పిల్ల వచ్చి ఆదుకోకపోతే మాకు పచ్చడి దిక్కులేదని అందరితో చెప్పేది. నన్ను పొగిడిన ప్రతిసారీ అమ్మను పొడిచేది. నేను ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

ఏండ్లు గడిచాయి. అవ్వ, నాయన పోయారు. షెడ్డు పని మానేశాక అమ్మ వేళ్ళు మానాయి కానీ కొసలు మొద్దుబారిపోయాయి. ఆమె ధర్మవరం వచ్చినప్పుడు నేనే వండి పెట్టేదాన్ని. అమ్మకు పని చెప్పకపోవడమే గొప్ప అనుకునేదాన్ని. ఆమె ఏది పెట్టినా “బాగుండాది” అనేది. తర్వాత ఒక చలికాలం ఆమె కూడా పోయింది.

దినాల రోజు చుట్టాల్లో ఒక పెద్దాయన వాకిట్లో కూర్చుని మమ్మల్ని పిలిచాడు. “పోయినామెకు ఏమేం ఇష్టమో అవి చేసి విస్తట్లో పెట్టల్ల. చెప్పండమ్మా, ఏం ఇష్టం ఆమెకు?”

అన్న, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అన్నే చెప్పాడు.

“మాయమ్మకు సంగటి, తాలింపు లేని పప్పు ఇష్టం సామీ. దినామూ అవే చేస్తాండె.”

చెబుతుంటే అన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్న అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసిన అమ్మ అంతే. కాదన్నా, అది ఇష్టం కాదు, ఆమె చేతులు అంతకుమించి చేయనివ్వలేదు అని నేను అనాలి. అంటే, మరి ఏం ఇష్టమని అడుగుతారు. ఆమెకు తీపి ఇష్టమా, పులుపా, పుట్టింట్లో చిన్నప్పుడు ఏది వండితే పరుగెత్తుకుని వచ్చేదో నాకు తెలియదు. ఆపా నా కళ్ళు తెరిచింది, నిజమే. నేను రోలు అందుకున్నాను, అంతటితో తీరిపోయిందనుకున్నాను. “యావరడిగినారు?” అని ఆపా ఆ రోజే అన్నది. ఆ మాట నాకూ తగులుతుందని నాకు తోచలేదు. చివరికి విస్తట్లో సంగటి, ఉడకేసిన పప్పు పెట్టాం. దూరంగా నిలబడి దండం పెట్టుకున్నాను. తలెత్తి ఆ విస్తరి చూడలేకపోయాను.

ఇప్పుడు నేను పెనుకొండలో నా కొడుకు దగ్గర ఉంటున్నాను. కోడలు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేసి, సాయంత్రం బస్సు దిగి వచ్చి కుక్కర్ పెడుతుంది. అన్నం, పప్పు, తీరిక ఉంటే ఒక గుడ్డు. మనవడు ఫోన్లోంచి తలెత్తకుండా “మళ్ళా పప్పేనా” అంటాడు. వాణ్ణి నేను తిట్టను. తొమ్మిదేండ్లకు నేను చేసినదాని ముందు వాడిది ఏపాటి. కోడల్ని మాత్రం, పోయిన చలికాలం, నీకేం ఇష్టమని అడిగాను. “నాకా? ఏదైనా సరే అత్తా” అని నవ్వేసింది. ఆ జవాబును నేను ఒప్పుకోలేదు. మరుసటి రోజు మళ్ళీ అడిగాను, ఆ మరుసటి రోజూ అడిగాను. నాలుగో రోజు బస్సు దిగి వచ్చి, చెప్పులు విప్పుతూ ఆగిపోయింది.

“పితికిపప్పు అత్తా. చిలమత్తూరులో మాయమ్మ చేస్తాండె. పెండ్లయినంక నేను తిననే లేదు.”

మరునాడు అనపకాయలు తెప్పించి, గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ తోలు పితికి పులుసు చేశాను. పొద్దంతా పట్టింది. ఆమె రెండుసార్లు పెట్టించుకుని తిన్నది. చూస్తూ కూర్చున్నాను. నాలుగు రోజులు అడిగితే తెలిసిపోయింది. మా అమ్మను అడిగేందుకు నాకు నలభై ఏండ్లకు పైగా సమయం ఉండింది.