రెండు చెవులకు పదకొండు జతల కమ్మలు

దివిసీమలో మా బ్రాంచి నష్టాల్లో పడటానికి అక్కడి జనం అప్పులు ఎగ్గొట్టడమే కారణమనీ, గుడివాడ నుంచి వెళ్ళిన మేనేజరుగారు తన తెలివితో దాన్ని గట్టెక్కించారనీ మా బావగారు చెబుతుంటారు. ఎవరింట్లో భోజనాలకి కూర్చున్నా పప్పులో నెయ్యి పడేలోపు ఈ కథ మొదలవుతుంది. ఆయన గుడివాడలో కామర్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఆ మేనేజరు ఆయన శిష్యుడు. కాబట్టి కథలో ఎగ్గొట్టిన జనం ఉండాలి, వసూలు చేసిన వీరుడు ఉండాలి, ఆ వీరుడికి పాఠం చెప్పిన గురువు ఉండాలి. అదే బ్రాంచిలో స్ట్రాంగ్‌రూము రెండో తాళంచెవి పట్టుకుని తిరిగే మరదలు మాత్రం ఉండక్కర్లేదు.

ఆ రెండు మాటలూ అబద్ధాలేనని నేను చాలాసార్లు చెప్పాను. ఆయన వినరు. "చూడమ్మా, మనలాంటి దేశాల్లో బ్యాంకుకి లాభం రావాలంటే ఏమేం ఉండాలో తెలుసా" అంటూ వేళ్ళు మడవడం మొదలుపెడతారు. మూలధనం, మొండి బాకీలు, సిబ్బంది ఖర్చు, ధరల పెరుగుదల, ప్రభుత్వ విధానం. అయిదు వేళ్ళూ అయ్యేసరికి అందరం పెరుగన్నంలోకి వచ్చేస్తాం. ఆయన మడిచిన వేళ్ళలో తుఫాను ఉండదు. లాకరు ఉండదు. చెవి కమ్మలు అసలే ఉండవు. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే ఆయన మధ్యలో అడ్డు రాలేరు.

మా బ్రాంచి కోడూరు దాటాక, గాలి తిరిగితే సముద్రం వాసన వచ్చే ఊళ్ళో ఉంది. నేను బందరులో పొద్దున్నే బస్సెక్కి, అవనిగడ్డలో దిగి, ఆటో పట్టుకుని చేరతాను. ఇది ఆరో ఏడు. బదిలీ అడిగితే, నా స్థానంలోకి వచ్చేవాళ్ళని నన్నే వెతుక్కోమన్నారు. ఊళ్ళో సగం వరి, సగం రొయ్యల చెరువులు. అప్పు కట్టనివాళ్ళు లేరని అనను, వాళ్ళ తరఫు వకీలునేం కాను. రొయ్యలకి తెగులొచ్చిన ఏడాది ఇద్దరు ముగ్గురు నన్ను చూసి పక్క సందులోకి తిరిగేవారు. మళ్ళీ పంట చేతికొచ్చాక వాళ్ళే వచ్చి, సందులోకి ఎందుకు తిరిగారో కూడా చెప్పి కట్టేవారు. మా మొండి బాకీల పట్టిక ఒక పేజీ దాటలేదు. బావగారు గౌరవించే పెద్దమనుషులు పట్నాల్లో ఎగ్గొట్టినదాంతో పోలిస్తే అది చిల్లర.

అయినా బ్రాంచి నష్టంలోనే ఉంది. బందరులోని మా పెద్దాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వరసగా మూడేళ్ళ నష్టానికి సంజాయిషీ ఇవ్వాలి, వచ్చే మార్చికల్లా లాభం చూపాలి, లేదంటే అవనిగడ్డ బ్రాంచిలో కలిపేస్తారు. నిజం చెప్పాలంటే కలిపేస్తే నాకు మంచిదే, ఆటో తప్పుతుంది. నష్టమంతా ఆ ఊరి ఆడవాళ్ళకి. ఎందుకో తెలియాలంటే వాళ్ళకున్న ఒక అలవాటు గురించి చెప్పాలి.

దసరా వెళ్ళి, ఫోన్లో బంగాళాఖాతం మీద తెల్లటి సుడి కనిపించిందంటే, మర్నాడు పొద్దున మేం తలుపు తీసేసరికి ఆడవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఉంటారు. చేతుల్లో గుడ్డ సంచులు. సంచుల్లో నగలు. అన్నీ తాకట్టుకే. అయితే డబ్బు అవసరమై కాదు. పాతిక కాసుల బంగారం పెట్టి మూడు వేలు అప్పు అడుగుతారు. ఆ మూడు వేలూ పక్క కౌంటర్లో తమ పాసుబుక్కులోనే వేసుకుని, తేలికపడ్డ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోతారు. మా బ్రాంచిది నిలువెత్తు అరుగు. ఇనప తలుపు. ఆ నాలుగు నెలలూ వాళ్ళకి కావలసింది అప్పు కాదు, కాపలా. గాలివానల కాలం పోయాక చర్చికి వెళ్ళేవాళ్ళు క్రిస్మస్ ముందర, మిగతావాళ్ళు పండగ నెలలో వచ్చి విడిపించుకుంటారు.

ఈ అలవాటుకి పెద్ద తల ఒకావిడ. అరవై దాటిన మనిషి. నేను ఆవిణ్ణి కాసులపేరు ఆవిడ అనే పిలుచుకుంటాను, ఆవిడ నన్ను ఏమని పిలుచుకుంటుందో తెలియదు. చిన్నప్పుడు ఉప్పెనలో వాళ్ళమ్మ ట్రంకుపెట్టె కొట్టుకుపోయిందట. వారం తర్వాత మూడు పొలాల అవతల దొరికింది. మూత తెరిచి ఉంది, లోపల ఒండ్రుమట్టి. అమ్మ మాత్రం దక్కింది. "మా అమ్మ పెద్ద కష్టమేదీ చెప్పేది కాదండీ. బతికినన్నాళ్ళూ ఆ పెట్టె గురించే చెప్పింది" అని నాతో ఒకసారి అంది. అదొక్కసారే ఆవిడ మాటలో వెటకారం లేకపోవడం.

మీకు లాకర్లు లేవా అని అడుగుతారు కదూ. లేవు. రెండుసార్లు అడిగాం. నష్టంలో ఉన్న బ్రాంచికి అంత ఖర్చు తగదని రెండుసార్లూ జవాబు వచ్చింది.

పెద్దాఫీసు ఉత్తరం అందాక మేనేజరుగారు మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. నెమ్మదైన మనిషి, స్కేలు పెట్టి గీత గీసి, గీత మీద సంతకం పెట్టే రకం. నాలుగో రోజు నన్ను పిలిచారు.

"మేడంగారూ, దొరికిందండీ. మన బంగారం అప్పులన్నీ దాదాపు మూడు వేలవే. ఒక్కోదాని మీద వచ్చే వడ్డీ మన టీ ఖర్చుకి కూడా చాలదు."

"టీ మీరొక్కరే తాగుతారండీ. నేను ఇంటి నుంచి తెచ్చుకుంటాను."

ఆయన నవ్వలేదు. నవ్వే విషయం కాదు కూడా. కాసులపేరుకైనా కమ్మలకైనా మాకు పని ఒకటే. గీటురాయి మీద గీసి చూడాలి, తూచాలి, సంచిలో పెట్టి లక్కసీలు వెయ్యాలి, ఆయనా, నేనూ, గుమాస్తా ముగ్గురం సంతకాలు చెయ్యాలి, బీమా కట్టాలి, ఆయన తాళంచెవీ నా తాళంచెవీ కలిస్తేనే తలుపు తెరవాలి. లక్షకి చేసే పనంతా మూడు వేలకి చేస్తున్నాం. ఊరి బంగారానికి ఊరికే కాపలా కాసి బ్రాంచి మునుగుతోంది. బావగారి అయిదు వేళ్ళలో ఇది ఏ వేలో ఆయన్నే అడగాలి.

మర్నాడు గోడ మీద కాగితం అంటించారు. లక్ష రూపాయలకు తక్కువ బంగారం అప్పు ఇవ్వబడదు. అది అంటించి, తన తాళంచెవి గుమాస్తాకి అప్పజెప్పి, ఆయన మీటింగని బందరు వెళ్ళారు. అంటే, ఆ కాగితం కింద కూర్చోవలసింది నేను.

పదింటికల్లా మెట్లు నిండాయి. కాసులపేరు ఆవిడ కాగితం చదివి, నా బల్ల ముందుకొచ్చి, సంచి బల్ల మీద పెట్టింది.

"ఏంటండీ ఇది? అప్పు తగ్గించి అడిగితే ఇవ్వనంటారా? ఎక్కువ అడిగితే ఇవ్వనివాళ్ళని చూశాం గానీ."

"రూలు వచ్చిందండీ. మీ మూడు వేల మీద బ్యాంకుకి ఏం మిగలట్లేదు. ఇట్లాగే ఉంటే మార్చిలో బ్రాంచి ఎత్తేస్తారు. అప్పుడు ఈ సంచి పట్టుకుని అవనిగడ్డ దాకా ఆటోలో వెళ్దురు గాని, గాలివానలో."

ఆవిడ వెనక్కి తిరిగి మెట్ల మీదవాళ్ళని చూసింది. వెనక ఎవరో "అమ్మో, ఆ రోడ్డు మీదే" అన్నారు.

"సరే, లక్షే ఇవ్వండి. ఇస్తే ఆ లక్ష ఎక్కడ పెట్టుకోను? బంగారానికి కాపలా లేకనే ఇక్కడికొచ్చా. మళ్ళా డబ్బుకి కాపలా ఎవరు?"

అప్పటికే తల వేడెక్కి ఉంది నాకు. వెటకారంగా అన్నాను. "దానికేముంది, ఈ కౌంటర్లో తీసుకుని ఆ కౌంటర్లో డిపాజిట్ వేసుకోండి. డబ్బు గుమ్మం కూడా దాటక్కర్లేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "దానికి వడ్డీ ఇస్తారుగా?"

"ఇస్తాం."

"మీరు నా దగ్గర తీసుకునే వడ్డీ ఎంత, ఇచ్చే వడ్డీ ఎంత?"

చెప్పాను. ఆవిడ పెదాలు కదిలిస్తూ లెక్క కట్టింది. అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, నేను కాలిక్యులేటర్ తీసేలోపు తేల్చేసింది. రెండు వడ్డీలకీ మధ్య తేడా, తుఫాను నెలలు దాటేసరికి ఒక నాటుకోడి ఖరీదు.

"కుక్కని పెంచినా అంతకన్నా ఎక్కువే తింటది" అంది. "రాయండి."

"నేను ఊరికే అన్నానండీ."

"నేను ఊరికే అనట్లేదుగా. పొలం పాసుబుక్కు పెడితే వడ్డీ ఇంకా తగ్గిద్దంటగా?"

"తగ్గుతుంది. అప్పుడు ఆ డబ్బు పంటకి పెట్టాలి. డిపాజిట్ మీద యూరియా చల్లుతారా?"

వెనక అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, నవ్వుతూనే పెద్ద షరతు పెట్టింది. "కోడి మేమిస్తాం. బ్రాంచి నిలబడితే మాకు లాకర్లు తెప్పించాలి మీరు. ఎన్నేళ్ళని అప్పుపడతాం, మా సొమ్ము మేం దాచుకోటానికి?"

"తెప్పిస్తాను" అన్నాను.

"మాటేనా?"

"మాటే."

ఆ రోజు ఆ మాట ఎందుకిచ్చానో నాకే తెలియదు. ఇంట్లో మా ఆయనకి కూడా అంత తేలిగ్గా మాటివ్వను.

నేను ఫారాలు తీసేలోపు ఆవిడ సంచి పట్టుకుని మెట్ల దాకా వెళ్ళొచ్చి, అప్పుడు విప్పింది. కాసులపేరు, నాలుగు గాజులు, వాటి కింద కమ్మలు. చిన్నవి, పెద్దవి, ఒక రాయి ఊడినవి. పదకొండు జతలు. లక్ష అప్పు దొరికేంత బంగారం లేనివాళ్ళంతా తమ కమ్మలు ఆవిడ సంచిలో పడేశారన్నమాట. కాగితంలో మాత్రం, ఈ నగలన్నీ నా సొంతం అని ఒక్కరే సంతకం పెట్టాలి.

"రెండు చెవులకి పదకొండు జతలేంటండీ?"

"రోజుకో జత మారుస్తానండీ."

"ఇన్నేళ్ళలో మీ చెవులకి కమ్మలు నేనెప్పుడూ చూళ్ళేదే."

"బ్యాంకులో ఉంటే ఎట్టా కనపడతయ్యి?"

సంతకం పెట్టించుకున్నాను. అది తప్పే. తప్పని తెలిసే చేశాను, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో చెవుల్లో చీపురుపుల్లలు పెట్టుకున్నవాళ్ళని లెక్కపెడితే పదకొండు మంది తేలారు. ఆ పదకొండు మందిలో ఒక్కరి చేత కూడా ఆవిడ కాగితం రాయించుకోలేదు. మేం మూడు వేలకి ముగ్గురం సంతకాలు పెడతాం.

ఆ సీజను అట్లాగే నడిచింది. పదేసి చిన్న సంచులు వచ్చేచోట ఒక పెద్ద సంచి. ముగ్గురం చేసే పని తగ్గింది. ఇచ్చిన అప్పులు పెరిగాయి, వచ్చిన డిపాజిట్లు పెరిగాయి, రెండూ ఒకే డబ్బు. గుమ్మం దాటని ఆ డబ్బు కాగితాల మీద రెండుసార్లు కనిపించింది, మధ్యలో ఒక్కో సంచి నుంచి ఒక్కో నాటుకోడి బ్యాంకుకి మిగిల్చింది. మార్చిలో బ్రాంచి లాభంలో తేలింది. కలిపేసే ఉత్తరం వెనక్కి వెళ్ళింది. ఒక షీల్డు వచ్చింది. మేనేజరుగారికి ప్రమోషన్ వచ్చి బందరు పెద్దాఫీసులో కుర్చీ దొరికింది. గుడివాడలో చేసిన సన్మానంలో బావగారు అయిదు వేళ్ళూ మడిచి మాట్లాడారు. నేను వెనక వరసలో కూర్చుని మైసూర్‌పాక్ తిన్నాను, బాగుంది.

మర్నాడే లాకర్లకి మూడో ఉత్తరం రాశాను. ఈసారి భయం లేదు. లాభంలో ఉన్నాం, మా పాత మేనేజరుగారే అక్కడున్నారు, ఊరి సంగతంతా ఆయనకి తెలుసు.

జవాబు నెల తిరక్కుండా వచ్చింది. లాకర్లు ఏర్పాటు చేసినచో సదరు బ్రాంచిలో బంగారం అప్పుల వ్యాపారం తగ్గి, లాభదాయకత దెబ్బతినే అవకాశం ఉన్నందున ప్రతిపాదన పరిశీలించబడలేదు. కింద స్కేలుతో గీసిన గీత. గీత మీద సంతకం.

ఫోను చేశాను.

"మేడంగారూ, మీకు తెలియనిదేముందండీ" అన్నారాయన, పాపం చాలా ఇబ్బందిగా. "నాకు మాత్రం ఇవ్వాలని ఉండదా? లెక్క అట్లా ఉంది."

"ఆ లెక్క నా నోట్లోంచి వచ్చిందేనండీ. కాబట్టి నాకే అప్పజెబుతున్నారు."

"టీ తాగారా?" అన్నారు. పెట్టేశాను.

మొన్న మళ్ళీ ఫోన్లో తెల్లటి సుడి కనిపించింది. పొద్దున్నే మెట్లు నిండాయి. కాసులపేరు ఆవిడ సంచి బల్ల మీద పెట్టి, నా వెనక గోడకేసి తొంగి చూసింది, అక్కడ ఏదైనా కొత్తగా వచ్చిందేమోనని.

"లాభం వచ్చిందంటగా. లాకర్లు రాలేదే?"

"రాలేదండీ."

"మాటన్నారు."

"అన్నాను."

తిట్టినా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆవిడ సంచి విప్పి కమ్మలు ఒక్కో జతా బల్ల మీద పెట్టింది. ఈసారి పద్నాలుగు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆదివారం గుడివాడ వెళ్ళి ఆ జవాబు కాగితం బావగారి చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివారు. అలవాటుగా చెయ్యి పైకెత్తారు గానీ, ఏ వేలు మడవాలో తోచక మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. అప్పుడు అడిగింది ఇక్కడ కూడా అడుగుతున్నాను, ఎందుకంటే ఆయన ఇంతవరకూ జవాబు చెప్పలేదు. నష్టంలో ఉన్నప్పుడు నష్టం కాబట్టి లాకర్లు ఇవ్వలేదు, లాభం వచ్చాక లాభం పోతుంది కాబట్టి ఇవ్వరు. మరి ఆ ఊరి ఆడవాళ్ళు తమ కమ్మలు దాచుకోవడానికి అప్పు చెయ్యనక్కర్లేని రోజు దేనిలో వస్తుంది బావగారూ, లాభంలోనా, నష్టంలోనా?