వెల్డా స్కోగెన్ గారి పన్నెండు గొట్టాలు

నాకు యాభై తొమ్మిదేళ్లు. వెల్డా స్కోగెన్‌ను ఇప్పటికీ పేరు పెట్టి పిలవలేను. ముప్ఫై నాలుగేళ్లు మా ఊరి స్కూలు బస్సు నడిపిన మనిషి ఆవిడ. అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే వెనక సీట్లలో కొట్లాట ఆగిపోయేది. నాకు ఆవిడ మిసెస్ స్కోగెన్. ఆవిడకు నేను మెర్ల్‌ను. కోపమొస్తే మాత్రం ‘మూడో సీటు’ను, ఎందుకంటే ఆరేళ్లు అక్కడే, ఆవిడ కంటికి ఎదురుగా, కూర్చోబెట్టింది.

డెబ్బై ఆరో ఏట ఆవిడకు మూస్ పర్మిట్ తగిలింది. గుర్రం కంటే ఎత్తుండే ఆ దుప్పిని మోంటానాలో వేటాడాలంటే లాటరీలో పేరు రావాలి. ఆవిడా, భర్త ఆర్నాల్డూ ఇరవై ఆరేళ్లు కలిసి దరఖాస్తు పెట్టారు. ఆయన పోయాక ఐదేళ్లు ఒక్కతే పెట్టింది. తీరా వచ్చేసరికి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. వచ్చే ఏడాది కొండ ఎక్కడం కుదరదని డాక్టరు చెప్పేశాడు.

“రైఫిల్ నాది తీసుకెళ్లండి,” అన్నాను.

“ఎందుకు? ఆర్నాల్డ్‌ది ఉందిగా. ఇరవై ఆరేళ్లు వాళ్లు మనిషికి పర్మిట్ ఇవ్వలేదు. కనీసం ఆయన తుపాకీకైనా దుప్పి కనపడాలి.”

చిక్కేమిటంటే, ఆ పాతకాలపు రైఫిల్‌కు సరిపడే తూటాలు దుకాణాల్లో దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. ఆర్నాల్డ్ కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను ఏరి దాచుకుని, ఇంట్లోనే మళ్లీ మందు నింపుకునేవాడు. అవి పన్నెండు మిగిలాయి. వాటితోనే ఆవిడ వేట. సీజన్‌కు నాలుగు రోజుల ముందు కోళ్ల గూటి మెట్టు మీద జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. నాకు ఫోన్ వచ్చింది.

“మెర్ల్, ఖాళీగా ఉన్నావా?”

“మీకోసం ఎప్పుడూ ఖాళీయే.”

“నీ పేపరు చదువుతుంటే తెలుస్తూనే ఉందిలే. రా, గొట్టాలకు జిడ్డు రాయాలి.”

జిల్లా పత్రికలో ఇరవై ఏళ్లుగా వేట శీర్షిక రాస్తున్నవాణ్ని. ఓపిక గురించే పదకొండు వ్యాసాలు రాశాను. జిడ్డు రాయడం నాకు చెప్పాలా అనుకున్నాను.

కాల్చిన గొట్టం కాస్త ఉబ్బుతుంది. దాన్ని మీటతో నొక్కే ప్రెస్‌కు బిగించిన ఉక్కు అచ్చులోకి నెట్టి పాత కొలతకు తేవాలి. మిసెస్ స్కోగెన్ వంటింటి బల్ల మీద మైనం డబ్బా పెట్టింది.

“వేలి కొసకు అంటీ అంటనట్టు తీసుకో. పసిపిల్ల చెవి వెనక రాసినట్టు రాయి. తక్కువైతే ఇరుక్కుంటుంది, ఎక్కువైతే చొట్ట పడుతుంది.”

“మైనం పాత పద్ధతి మిసెస్ స్కోగెన్. నేను నా జిడ్డు తెచ్చుకున్నాను.”

గొర్రె ఉన్ని జిడ్డును స్పిరిట్‌లో కరిగించి, పిచికారీ సీసాలో పోసుకుని వెళ్లాను. ఆ జిడ్డు శుద్ధంగా కావాలంటే మందుల షాపులో పాలిచ్చే తల్లులకు అమ్మే లేపనమే కొనాలి. కౌంటరులో జోలీన్ ట్యూబును చూసింది, నన్ను చూసింది, “మీ ఆవిడకు నా అభినందనలు,” అంది. మా ఆవిడకు యాభై ఏడు. సాయంత్రానికి చర్చి తరఫున ఒక ఊలు టోపీ వచ్చింది, నిమ్మకాయంత తలకు సరిపడేది.

నా జిడ్డు మంచిదే. పిచికారీ కొట్టాక స్పిరిట్ ఆరేదాకా ఆగాలి, అంతే. ఆరితేనే జిడ్డు పనిచేస్తుంది. ఆ సంగతి సీసా మీద నా చేత్తో నేనే రాసి అతికించాను. కానీ ముప్ఫై ఏళ్లుగా పత్రికాఫీసులో ఐదింటికల్లా పేజీ పంపి బతికినవాణ్ని. ఇంకా తడిగా ఉన్న గొట్టాన్ని అచ్చులోకి నెట్టాను. లోపలికి వెళ్లింది. బయటికి రాలేదు. బలంగా లాగితే అడుగు అంచు ఊడి వచ్చింది, గొట్టం లోపలే ఉండిపోయింది. వేరే అచ్చు మా జిల్లాలో ఎవరి దగ్గరా లేదు.

“మెర్ల్,” వెనక నుంచి గొంతు. “ఎంతసేపు ఆరనిచ్చావు?”

“కొంచెం సేపు.”

“దగ్గావు. ఆ దగ్గినంతసేపేనా?”

ఆవిడ అరవలేదు. సొరుగులోంచి రేకు డబ్బా తీసింది. మీద ఆవిడ చేతిరాతలో ‘ఆర్నాల్డ్ తెలివి’ అని ఉంది. లోపల డ్రిల్లు ముక్క, మర కోసే పుల్ల, పొడుగు బోల్టు.

“ఆయన ఏడుసార్లు ఇరికించాడు. ప్రతిసారీ ఇదే మొదటిసారి అన్నట్టు ముఖం పెట్టేవాడు. నీకూ అదే ముఖం వచ్చింది. కూర్చో, చెయ్యి.”

గొట్టం అడుగున రంధ్రం చేసి, మర కోసి, బోల్టు బిగించి లాగాను. గంటంబావు పట్టింది. అచ్చు బాగానే ఉంది. గొట్టం చెత్తలోకి పోయింది. పదకొండు మిగిలాయి.

ఇక భయం పట్టుకుంది. పిచికారీ పక్కన పెట్టి, ఆవిడ మైనమే తీసుకున్నాను. ఇరుక్కోకూడదని పాన్‌కేక్‌కు వెన్న పూసినట్టు పూశాను. వెన్నలా జారిపోయాయి. వరసగా పదకొండూ కానిచ్చి, ఒక్కటీ చూడకుండా గిన్నెలో పడేసి, “అయిపోయింది!” అన్నాను.

మిసెస్ స్కోగెన్ ఒకటి తీసి కిటికీ వెలుగులో తిప్పింది. గొట్టం సన్నబడే చోట, దాని భుజం మీద, చొట్ట. ఇంకోటి తీసింది. చొట్ట. ఎక్కువైన జిడ్డు అచ్చులో పోవడానికి చోటు లేక ఇత్తడిని నొక్కేసింది. పదకొండింటికీ పదకొండు.

“అన్నీ ఒకేలా చేశావు. అందులో మాత్రం నీకు వంక పెట్టలేం.”

“మీ మూస్ పోగొట్టాను.” ఈ మాట తమాషాకు అనలేదు.

ఆవిడ ఒక్కో చొట్ట మీద బొటనవేలి గోరు నడిపించింది. మడత పడిన రెండింటిని చెత్తలో వేసింది.

“ఇవి తొమ్మిదీ పేలతాయి. లోపలి ఒత్తిడికి చొట్ట దానంతటదే సర్దుకుంటుంది. ఆర్నాల్డ్‌వీ ఇలాగే ఉండేవి. జిడ్డు తుడువు. మందు నింపేటప్పుడు మాత్రం ఆ గుమ్మం అవతల ఉండు.”

నేను గుమ్మం అవతల నుంచి చూస్తూ ఉంటే, ఆవిడ ఒక్కో పనీ చెబుతూ, సాయానికి వచ్చిన కోడలి చేత నింపించింది. మర్నాడు మిసెస్ స్కోగెన్ మూడు కాల్చి చూసింది. మూడూ అరచేతంత చోట తగిలాయి. గొట్టాలు తీసి చూస్తే భుజాలు కొత్తవాటిలా నున్నగా ఉన్నాయి.

“చూశారా,” అన్నాను.

“నోరు మూసుకో, మూడో సీటు.”

మిగిలినవి ఆరు. సీజన్ ఐదో రోజు పొద్దున్నే బురద పట్టిన పొదల్లో పెద్ద మగ మూస్ తల ఎత్తింది. మిసెస్ స్కోగెన్ కట్టు వేసిన చేతిని చెట్టు మొద్దు మీద ఆనించి, నా చొట్ట తూటా ఒకటి కాల్చింది. ఒక్కటే. దుప్పి నాలుగడుగులు వేసి కూలిపోయింది. ఆవిడ ఖాళీ గొట్టాన్ని జేబులో వేసుకుని, మొద్దు మీద కూర్చుని, “చూశావా ఆర్నాల్డ్,” అంది. నేను నడుము లోతు బురదలో ఉన్నాను, కాబట్టి మర్యాదగా అటు తిరగడానికి కూడా కుదరలేదు.

మాంసం మోయడానికి తొమ్మిది సార్లు తిరిగాను. నా వాటాగా భుజం ముక్క ఒకటి, సాసేజీలు ఇచ్చింది.

కాల్చని చొట్ట తూటా ఒకటి ఆవిడ వంటింటి కిటికీ గట్టు మీద ఉంది. ఎవరొచ్చినా చూపిస్తుంది. “మెర్ల్ పనితనం. వేట గురించి పేపర్లో రాస్తాడే, అతనే.”

నవంబరులో చేతి కట్టు విప్పారు. కాల్చిన నాలుగు గొట్టాలకు మళ్లీ జిడ్డు రాయాలి, రమ్మని ఫోన్ చేసింది. ఈసారి నిదానంగా చెయ్యాలని గట్టిగా అనుకుని వెళ్లాను. ఆవిడ మైనం డబ్బా నా ముందుకు జరిపింది.

“మూత బిగుసుకుంది. తీసి పెట్టు.”

తీశాను.

“బాగుంది. ఇక కాఫీ తాగు,” అని డబ్బా వెనక్కి లాక్కుంది.